జబ్బు కాలంలో ఫోన్ జాడ: కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కరోనా మొదటి ఏడాది నుంచి మన వైపు జనం అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. ఇక్కడ మాత్రం పాత మూడు జిల్లాల లెక్కనే మాట్లాడుకుందాం.

కరోనా పోయి ఇన్నేళ్లయింది. ఇప్పుడు ఈ సంగతి ఎందుకు?

మళ్లీ ఒక అంటువ్యాధి వచ్చిన రోజున కూర్చుని ఆలోచించుకునే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి. 2020లో లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. రోగుల పక్కన ఉన్నవాళ్లను గుర్తించడానికి కేంద్రం తెచ్చిన ఆరోగ్య సేతు యాప్ ఏప్రిల్ 2కల్లా వచ్చేసింది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో కేసులు ఎక్కువున్న జిల్లాల్లో కర్నూలు ముందు వరసలో ఉంది, అనంతపురం జిల్లాలో హిందూపురం హాట్‌స్పాట్ అయింది. అంత టెన్షన్‌లో ‘నా ఫోన్ సమాచారం ఎవరు చూస్తున్నారు?’ అని అడిగినవాళ్లు తక్కువ. అడిగినా జవాబు చెప్పే మనిషి కనిపించలేదు.

జబ్బును పట్టుకోవడానికి ఫోన్ వాడటమే తప్పని నేను అనడం లేదు. మా ఊళ్లోనూ మనుషులు పోయారు. ఏ చట్టం కింద తీసుకుంటున్నారు, ఎంత తీసుకుంటున్నారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్నవి ముందే కాగితం మీద ఉండాలని మాత్రం గట్టిగా అంటున్నాను.

నేను ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేసి పెట్టుకుంటాను. అయినా నేనెక్కడున్నానో తెలుస్తుందా?

తెలుస్తుంది. లొకేషన్ బటన్ ఆపితే యాప్‌లకు అందే సమాచారం ఆగుతుంది, అంతే. సిమ్ వేసిన ఫోన్ టవర్‌తో సంబంధం లేకుండా పనిచేయదు. మీకు కాల్ రావాలంటే మీరు ఏ టవర్ పరిధిలో ఉన్నారో కంపెనీకి తెలిసి తీరాలి. అది చిన్న బటన్ ఫోన్ అయినా సరే. మీరు కాల్ చేసినా, మెసేజ్ పంపినా, నెట్ వాడినా ఏ టవర్ నుంచి జరిగిందో రికార్డులోకి ఎక్కుతుంది. ఆ రికార్డులను కంపెనీలు కనీసం 2 ఏళ్లు దాచాలని 2021 డిసెంబర్‌లో టెలికాం శాఖ లైసెన్సు షరతులు మార్చింది. అంతకుముందు ఏడాది దాస్తే సరిపోయేది.

జీపీఎస్ విషయం వేరు. చాలామంది ఉపగ్రహం మనల్ని పైనుంచి చూస్తోందని అనుకుంటారు. ఉపగ్రహం సంకేతాలు పంపుతుందే తప్ప మన గురించి దానికి ఏమీ తెలియదు. ఆ సంకేతాలను అందుకుని లెక్క కట్టేది మన ఫోనే. ఆ లెక్కను ఎవరికి చెప్పాలన్నది ఫోన్‌లో ఉన్న యాప్‌లు, మనం ఇచ్చిన పర్మిషన్లు నిర్ణయిస్తాయి. ఏరోప్లేన్ మోడ్ పెడితే టవర్‌తో సంబంధం తెగిపోతుంది. కానీ లొకేషన్ ఆన్‌లో ఉంటే, పర్మిషన్ ఉన్న యాప్ ఆ సమయంలో తిరిగిన చోట్లను దాచుకుని, నెట్ వచ్చాక పంపే వీలుంది.

బ్లూటూత్ మూడో దారి. మీరెక్కడున్నారో అది చెప్పదు, మీ పక్కన ఎవరి ఫోన్ ఉందో గుర్తుపెట్టుకుంటుంది. అంటువ్యాధికి కావలసింది నిజానికి అదే. మీరు ఆదోని మార్కెట్ యార్డులో ఉన్నారా, ప్రొద్దుటూరు బజారులో ఉన్నారా అన్నది వైరస్‌కు అక్కర్లేదు. ఎవరి పక్కన ఎంతసేపు నిలబడ్డారన్నదే ముఖ్యం.

టవర్ చెప్పిన చోటు ఎంతవరకు నిజం?

ఈ ప్రశ్నను జనం ఇంకా ఎక్కువగా అడగాలి. టౌన్లో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, కాబట్టి కొన్ని వందల మీటర్ల తేడాతో చెప్పవచ్చు. పల్లెల్లో ఒక్కో టవర్ పరిధి కొన్ని కిలోమీటర్లు. నల్లమల అంచు ఊళ్లలో, ఎర్రమల కొండల చాటున ఫోన్ ఏ టవర్ అందితే దాన్ని పట్టుకుంటుంది. దగ్గరి టవర్ మీద రద్దీ ఉంటే దూరపు టవర్‌కు మారుతుంది. మనిషి మంచం మీద నుంచి కదలకపోయినా ఫోన్ టవర్ మారవచ్చు.

సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. తుంగభద్రకు ఇవతల కర్నూలు, అవతల అలంపూర్ వైపు తెలంగాణ. ఒడ్డున ఉన్నవాళ్లకు అవతలి టవర్ అందితే రాష్ట్రం దాటినట్టు లెక్క రావచ్చు. మడకశిర, హిందూపురం పక్క పల్లెల్లో పొలంలో ఉండగానే కర్ణాటక నెట్‌వర్క్ పట్టుకోవడం మామూలు విషయం. పావగడ తాలూకా మ్యాప్ చూడండి, అది కర్ణాటకదే అయినా చుట్టూ చాలావరకు మన అనంతపురమే. ఇలాంటి చోట టవర్ లెక్కనే సాక్ష్యంగా పట్టుకుని ‘నువ్వు క్వారంటైన్ దాటావు’ అనడం అన్యాయం. మనిషిని వెళ్లి చూసి, మాట్లాడి తేల్చుకోవాలి.

2020లో మన రాష్ట్రంలో నిజంగా ఫోన్లను గమనించారా?

గమనించారు. హోం క్వారంటైన్‌లో ఉన్న దాదాపు 25,000 మంది ఫోన్లను టవర్ల ద్వారా చూసే ఏర్పాటును రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ చేసింది. ఇంటి నుంచి 100 మీటర్లు దాటితే అధికారులకు హెచ్చరిక వెళ్తుందని అప్పట్లో చెప్పారు. పాజిటివ్ వచ్చినవాళ్లు అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగారో టవర్ రికార్డుల నుంచి తీసే ఏర్పాటు కూడా ఉంది.

పై ప్రశ్నకు చెప్పిన జవాబుతో దీన్ని కలిపి చదవండి. కిలోమీటర్ల తేడా వచ్చే టవర్‌తో 100 మీటర్ల గీత ఎలా గీస్తారు? కొత్తపల్లి లాంటి ఊళ్లో పెరట్లోకి వెళ్లిన మనిషికీ పక్క ఊరికి వెళ్లిన మనిషికీ టవర్ తేడా చెప్పలేదు. నా ఆందోళన ఇక్కడే. యంత్రం చెప్పింది కాబట్టి నిజమని పైవాళ్లు నమ్ముతారు, కాదని నిరూపించుకునే భారం ఇంట్లో పడుకున్న మనిషి మీద పడుతుంది.

ఆ రోజుల్లో అసలు పని చేసింది ఎక్కువగా మనుషులే. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు, వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి ఎవరు వచ్చారు, ఎవరికి జ్వరం అని రాసుకున్నారు. బెంగళూరు నుంచో గుంటూరు మిరప కోతల నుంచో తిరిగొచ్చిన కోసిగి, ఆలూరు, పత్తికొండ కూలీల సంగతి టవర్ కంటే వీధిలో వాళ్లకే ముందు తెలిసింది.

ఆరోగ్య సేతు నా లొకేషన్ తీసుకుందా? ఆ డేటా ఇప్పుడెక్కడుంది?

తీసుకుంది. యాప్‌లో చేరినప్పుడు పేరు, ఫోన్ నంబర్, వయసు, లింగం, వృత్తి, నెల రోజుల్లో వెళ్లొచ్చిన విదేశాలు అడిగింది. బ్లూటూత్‌తో పాటు జీపీఎస్ కూడా వాడింది. 15 నిమిషాలకోసారి మీరున్న చోటు మీ ఫోన్‌లోనే నమోదయ్యేది. మీకు పాజిటివ్ వచ్చినా, యాప్ అడిగిన ప్రశ్నలకు మీ జవాబులు అనుమానంగా ఉన్నా ఆ సమాచారం సర్వర్‌కు వెళ్లేది.

ఫోన్‌లో ఉన్నది 30 రోజులకు, సర్వర్‌కు వెళ్లినది జబ్బు లేనివాళ్లదైతే 45 రోజులకు, జబ్బు వచ్చినవాళ్లదైతే నయమైన 60 రోజులకు చెరిగిపోతుందని యాప్ షరతుల్లో రాశారు. 2020 మే 11న కేంద్రం డేటా పంచుకోవడం మీద ఒక ప్రొటోకాల్ ఇచ్చింది. ఆరోగ్య అవసరానికే వాడాలని, మామూలుగా 180 రోజులకు మించి ఉంచకూడదని అందులో ఉంది. మంచి మాటలే. కానీ అది పార్లమెంటు చేసిన చట్టం కాదు, కార్యనిర్వాహక ఆదేశం. ఆరు నెలలకు ముగియాల్సినదాన్ని పొడిగించుకుంటూ పోయారు. అందుకే గడువు అనే మాట నాకు అంత ముఖ్యం.

కాంటాక్ట్ ట్రేసింగ్ (రోగిని కలిసినవాళ్లను వెతకడం) ఆపేశామని, అలా సేకరించిన డేటాను తొలగించామని 2023 ఫిబ్రవరిలో కేంద్రం లోక్‌సభకు చెప్పింది. మీ ఫోన్‌లో ఆ యాప్ ఇంకా ఉంటే ఉంచుకోవడం, తీసేయడం మీ ఇష్టం. ఉంచుకుంటే లొకేషన్, బ్లూటూత్ పర్మిషన్లు తీసేయండి.

యాప్ లేదని ఉద్యోగంలోకి, రైల్లోకి, ఆఫీసులోకి రానివ్వకపోతే?

2020 మే 1న హోం శాఖ ఉత్తర్వులో ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ ఆ యాప్ తప్పనిసరి అన్నారు. రెండు వారాలకే, మే 17 మార్గదర్శకాల్లో, యజమానులు వీలైనంత వరకు పెట్టించాలని మెత్తబడ్డారు. ఆ సంగతి కింది దాకా చేరలేదు. చాలాచోట్ల గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి యాప్ చూపించమనే అడిగాడు.

పక్క రాష్ట్రం కర్ణాటకలో ఒకరు హైకోర్టుకు వెళ్లారు. యాప్ లేదన్న కారణంతో ప్రభుత్వ సేవలు ఆపకూడదని 2020 అక్టోబర్‌లో, జనం తెలిసి ఒప్పుకోకుండా ఆ డేటాను ఇతర విభాగాలతో పంచుకోకూడదని 2021 జనవరిలో ఆ కోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. రేపు ఇలాంటి యాప్ ఇంకొకటి వస్తే ఆ ఉత్తర్వులు గుర్తుపెట్టుకోండి. ‘తప్పనిసరి అని ఎక్కడ రాసుందో ఉత్తర్వు చూపించండి సార్’ అని మర్యాదగా అడగడం మన హక్కు.

మా ఇంట్లో ఒకటే ఫోన్. సిమ్ మా మామగారి పేరు మీద ఉంది, ఫోన్ మా పిల్లోడి దగ్గర ఉంటుంది. అప్పుడు ట్రాక్ చేసేది ఎవర్ని?

సిమ్‌ను. ఫోన్ జాడ అంటే మనిషి జాడ అని పైన కూర్చున్నవాళ్లు అనుకుంటారు, మన ఇళ్ల సంగతి అలా ఉండదు. క్వారంటైన్‌లో ఉన్నది కోడలు, ఫోన్ పట్టుకుని చీనీ తోటకు పోయింది కొడుకు. తెర మీద కోడలు గడప దాటినట్టు కనిపిస్తుంది. ఇంకోవైపు, ఫోన్ ఇంట్లో వదిలి ఊరంతా తిరిగినవాడు బుద్ధిమంతుడిగా కనిపిస్తాడు.

క్వారంటైన్ కోసం నంబర్ అడిగితే, ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయించండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఈ సౌకర్యాన్ని మొదట 2021లో ఆంధ్ర, తెలంగాణల్లోనే ప్రయోగించి చూశారు. మీ పేరు మీద ఎవరో వాడుతున్న సిమ్, జబ్బు కాలంలో మీ నెత్తికి చుట్టుకోకుండా ఉండాలంటే ఇది ఇప్పుడే చేసుకోవాలి.

మా ఆయన కువైట్‌లో పనిచేస్తాడు. అక్కడ పెట్టించిన యాప్ సంగతేమిటి?

రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2020లో కువైట్ ‘శ్లోనిక్’ అనే యాప్ తెచ్చింది. బయటి నుంచి వచ్చి ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల జీపీఎస్ స్థానాన్ని ఎప్పటికప్పుడు ఒకే సర్వర్‌కు పంపే పద్ధతి దానిది. అదే ఏడాది జూన్‌లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తాను పరిశీలించిన యాప్‌లలో బహ్రెయిన్, కువైట్, నార్వే యాప్‌లను ప్రైవసీకి అత్యంత ప్రమాదకరమైనవిగా చెప్పింది. నార్వే వెంటనే తన యాప్‌ను ఆపి, సేకరించిన డేటాను చెరిపేసింది.

అక్కడి ప్రభుత్వం దగ్గరున్న సమాచారం మీద మన చట్టాలు పనిచేయవు. అక్కడ ఉన్నంతకాలం అక్కడి నియమం పాటించక తప్పదు, వలస కార్మికుడికి ఎదురు ప్రశ్న వేసే చనువు ఉండదు. ఇంటికి వచ్చాక ఆ యాప్‌లు తీసేసి, పర్మిషన్లు ఒకసారి చూసుకోమనండి.

ఏ చట్టం కింద మన ఫోన్ వివరాలు తీసుకుంటారు? మన అనుమతి అక్కర్లేదా?

కరోనాలో ఎక్కువగా వాడినవి 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం. రెండింటిలోనూ ఫోన్ లొకేషన్ గురించి ఒక్క మాట లేదు. ‘అవసరమైన చర్యలు తీసుకోవచ్చు’ అన్న విశాలమైన మాటల కిందే అన్నీ జరిగాయి. ఫోన్ల మీద నిఘాకు వేరే చట్టాలున్నాయి. 1885 టెలిగ్రాఫ్ చట్టం, దాని స్థానంలో 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం, 2000 నాటి ఐటీ చట్టం. ప్రజా భద్రత, అత్యవసర పరిస్థితి అనే కారణాలు వాటిలో మొదటి రెండింట్లో ఉన్నాయి. నేర విచారణలో అయితే పోలీసులు రికార్డులు తెప్పించుకునే అధికారం ఇప్పుడు కొత్త నేర విచారణ విధాన చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 94వ సెక్షన్‌లో ఉంది. పాత సీఆర్‌పీసీలో అది 91.

వీటన్నిటి మీద 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు ఉంది. తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒకే మాటగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ఉద్దేశం ఉండాలి, తీసుకునే చర్య ఆ అవసరానికి మించకూడదు. మలేరియా, డెంగీ లాంటి వ్యాధులను అర్థం చేసుకోవడానికి ఆసుపత్రి రికార్డులను ప్రభుత్వం విశ్లేషించవచ్చని, అయితే మనిషి ఎవరో తెలియకుండా కాపాడాలని కూడా ఆ తీర్పులో ఉంది. అంటే ఆరోగ్యం, గోప్యత రెండింట్లో ఒకటి వదులుకోమని కోర్టు అనలేదు.

కేరళలో 2020 ఆగస్టులో కరోనా రోగుల కాల్ రికార్డులు సేకరించమని పోలీసులకు ఉత్తర్వు వెళ్లింది. ప్రతిపక్ష నాయకుడు హైకోర్టుకు వెళ్లాక, కాల్ వివరాలు వద్దు, టవర్ లొకేషన్ మాత్రమే చాలని ప్రభుత్వం తగ్గింది. ఎవరో ఒకరు అడిగితేనే అలా తగ్గుతారు.

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, ఇక భయం లేనట్టేనా?

పూర్తిగా లేనట్టు కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. డేటాను కాపాడలేని సంస్థలకు రూ. 250 కోట్ల వరకు జరిమానా ఉంది. ఇది మంచి విషయం.

కానీ అదే చట్టంలో, అంటువ్యాధి సమయంలో వైద్యం, ఆరోగ్య సేవలు అందించే చర్యలకు మన సమ్మతి లేకుండానే డేటా వాడవచ్చని ఉంది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మొత్తం చట్టం నుంచే మినహాయింపు ఇచ్చే వీలూ ఉంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు సంతకం కోసం ఆగలేరన్నది నేనూ ఒప్పుకుంటాను. సమ్మతి అడగనప్పుడు మిగతా జాగ్రత్తలు రెట్టింపు ఉండాలి కదా? ఎవరు చూశారో రికార్డు ఉండాలి, గడువు తేదీ ఉండాలి, తప్పు జరిగితే చెప్పుకునే చోటు ఉండాలి. ఆ మూడూ ఈ చట్టంలో కావలసినంత గట్టిగా లేవు.

పేర్లు తీసేసి డేటా ఇస్తారట. అప్పుడు ఇబ్బంది ఏముంది?

గుంపు లెక్కలైతే పెద్ద ఇబ్బంది లేదు. కరోనాలో గూగుల్ ఇచ్చిన మొబిలిటీ రిపోర్టులు అలాంటివే. ఒక ప్రాంతంలో బజార్లకు, పార్కులకు వెళ్లేవాళ్లు మామూలు కంటే ఎంత శాతం తగ్గారో చెప్పేవి, మనిషి కనిపించడు.

పేరు తీసేసి ఒక్కొక్కరి దారిని విడిగా ఇస్తే మాత్రం ప్రమాదమే. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో 15 లక్షల మంది ఫోన్ రికార్డులు పరిశీలించారు. ఒక మనిషి ఏ సమయంలో ఎక్కడున్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి విడదీయగలిగారు. మన దగ్గర ఇంకా సులువు. రాత్రిపూట ఫలానా పల్లెలో, పొద్దున ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో, శుక్రవారం కడప పెద్ద దర్గా దగ్గర ఉండే ఫోన్ ఎవరిదో ఆ ఊళ్లో చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు.

జబ్బు కోసమని తీసుకున్న డేటాను వేరే పనికి వాడతారా?

వాడిన దేశాలున్నాయి. సింగపూర్ 2020 మార్చిలో ‘ట్రేస్‌టుగెదర్’ తెచ్చినప్పుడు అది కేవలం కాంటాక్ట్ ట్రేసింగ్ కోసమే అన్నారు. నేర విచారణలో పోలీసులూ ఆ డేటా అడగవచ్చని 2021 జనవరిలో మంత్రి పార్లమెంటులో ఒప్పుకున్నారు. జనం కోపగించుకున్నాక, ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ తర్వాతి నెలలో చట్టం చేశారు. ఇజ్రాయెల్‌లో దారి తిరగబడింది. తీవ్రవాదుల కోసం ఉన్న ఫోన్ నిఘాను గూఢచారి సంస్థ షిన్ బెట్ చేత రోగుల మీద వాడించారు. చట్టం చేయకుండా కొనసాగించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో ఆపింది, తర్వాతి ఏడాది మార్చిలో ఇంకా కుదించింది.

దక్షిణ కొరియా 2015లో మెర్స్ అనే అంటువ్యాధి దెబ్బ తిన్నాక చట్టం మార్చి పెట్టుకుంది. ఫోన్, బ్యాంకు కార్డు, సీసీ కెమెరా సమాచారం కలిపి చూసే అధికారం ఆరోగ్య శాఖకు ఇచ్చింది. జబ్బును వేగంగా పట్టుకున్నారు, నిజమే. కానీ మొదట్లో రోగుల దారులను మరీ వివరంగా బయటపెట్టడంతో, పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోయి కొందరు నవ్వులపాలయ్యారు. తర్వాత వివరాలు తగ్గించుకున్నారు.

మా ఊళ్లో పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు, ఇంటి నంబర్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. అది తప్పు కాదా?

తప్పే. నా మటుకు నాకు మిగతా అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. ఢిల్లీలో సర్వర్ గురించి భయపడతాం కానీ, మనవైపు మనుషులను నిజంగా గాయపరిచింది పక్కవీధి దాకా చేరిన లిస్టు. పేరు బయటపడ్డాక కిరాణా కొట్టువాడు సరుకు ఇవ్వలేదు, నీళ్ల ట్యాంకర్ దగ్గరికి రానివ్వలేదు, ఒక మతం వాళ్లందరినీ కలిపి నిందించారు. జబ్బు 14 రోజుల్లో తగ్గినా ఆ మాటలు తగ్గలేదు. పేరు బయటికొస్తుందన్న భయంతో జ్వరం దాచిపెట్టినవాళ్లున్నారు. కాబట్టి గుట్టు కాపాడటం అంటే రోగి మీద దయ ఒక్కటే కాదు, జబ్బును అదుపు చేయడంలో భాగం. గుట్టు నిలుస్తుందని నమ్మితేనే మనిషి టెస్టుకు వస్తాడు.

కర్ణాటకలో 2020 మార్చిలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చిరునామాల జాబితాను ప్రభుత్వమే బయటపెట్టింది. ఇళ్ల ముందు పోస్టర్లు అంటించడం గురించి సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 9న తేల్చింది. విపత్తుల చట్టం కింద అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించకూడదు.

అలాంటి లిస్టు మీ గ్రూపులోకి వస్తే ముందుకు పంపకండి. పంపినవాళ్లకు చెప్పి తీయించండి. అది ఆఫీసు కాగితం ఫొటో అయితే, స్క్రీన్‌షాట్ దాచుకుని కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో (ఇదివరకటి స్పందన) లేదా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకు?

ఈ మాట అనేవాళ్లు కూడా ఇంటికి తలుపు పెట్టుకుంటారు. ఫోన్ జాడలో జబ్బు ఒక్కటే ఉండదు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లారు, ఏ పార్టీ మీటింగ్‌కు వెళ్లారు, కాన్పుకో కోర్టుకో ఎవరింటికి వెళ్లారు, అన్నీ ఉంటాయి. ముఠా కక్షలు చూసిన సీమలో, ఫలానా మనిషి ఏ వేళకు ఏ దారిన పోతాడన్నది తప్పుడు చేతికి చిక్కితే ఏమవుతుందో పెద్దవాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. భర్త వేధింపులు భరించలేక పుట్టింటికి చేరిన ఆడమనిషికీ అంతే.

అంత చేసినా ఈ ట్రాకింగ్ పనికొచ్చిందా?

కొంత. బ్లూటూత్ యాప్ పనిచేయాలంటే ఎదురుపడిన ఇద్దరి దగ్గరా అది ఉండాలి. నూటికి 30 మంది పెట్టుకున్నారనుకోండి, ఎదురుపడిన ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం నూటికి 9 మాత్రమే. స్మార్ట్‌ఫోన్ లేని పల్లెలో ఇంకా తక్కువ. ఆపిల్, గూగుల్ కలిసి 2020 ఏప్రిల్‌లో ప్రకటించిన పద్ధతి లొకేషన్ అసలు అడగదు, అడిగే యాప్‌లను ఒప్పుకోదు కూడా. చాలా దేశాలు దాన్నే వాడాయి. అంటే జీపీఎస్ లేకుండా ఈ పని చేయవచ్చని తేలిపోయింది. రేపటి యాప్ జీపీఎస్ అడిగితే, ఎందుకో చెప్పాల్సిన బాధ్యత అడిగినవాళ్లదే.

బటన్ ఫోన్ వాళ్ల సంగతి?

వాళ్ల కోసం 1921 నంబర్ పెట్టారు. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ చేసి ఆరోగ్యం గురించి అడిగేది. యాప్ లేకపోయినా టవర్ లెక్కలో వాళ్లూ ఉంటారు.

ఫోన్ ఒక్కసారిగా పెద్ద శబ్దం చేసి ప్రభుత్వ హెచ్చరిక చూపించింది. అంటే నన్ను ట్రాక్ చేస్తున్నట్టేనా?

కాదు. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్ తన పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వినిపిస్తుంది, ఎవరు విన్నారో దానికి తెలియదు. అంటువ్యాధి హెచ్చరికలకు ఇది చక్కటి పద్ధతి. ఆఫ్ చేయకండి.

ఇప్పుడు నా ఫోన్‌లో ఏం చేసుకోవాలి?

సెట్టింగ్స్‌లో లొకేషన్ కింద ఏ యాప్‌కు పర్మిషన్ ఉందో చూడండి. మ్యాప్స్, ఆటో యాప్‌లకు ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి. టార్చి లైటుకు, క్యాలెండర్‌కు, ఆటలకు లొకేషన్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి కచ్చితమైన స్థానం ఇవ్వకుండా సుమారు ప్రాంతం మాత్రమే ఇచ్చే వీలుంది. వాతావరణ యాప్‌కు అది చాలు. గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే పాత దారులన్నీ కనిపిస్తాయి, అక్కడే చెరిపేయవచ్చు.

ఆరోగ్య శాఖ నుంచి మాట్లాడుతున్నామని, క్వారంటైన్ రిజిస్ట్రేషన్ అని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) తెరవకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నా వివరాలు ఏమయ్యాయో ఎవరిని అడగాలి?

ముందు నోటితో అడగండి, తర్వాత సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో రూ. 5, ఆ పైన రూ. 10. తెల్లరేషన్ కార్డున్నవాళ్లు దాని జిరాక్సు జతచేస్తే అదీ అక్కర్లేదు. ఇతరుల వివరాలు అడిగితే ఇవ్వరు, ఆ పని చేయకండి. అడగాల్సింది ఏర్పాటు గురించి. 2020, 2021లో మా జిల్లాలో ఫోన్ల స్థానం గమనించడానికి ఇచ్చిన ఉత్తర్వుల నకళ్లు, ఆ డేటా చూసే అధికారం ఏ హోదా వాళ్లకు ఇచ్చారు, ఏ ప్రైవేటు సంస్థ అయినా అందులో పనిచేస్తే ఒప్పందం నకలు, డేటా చెరిపేసిన తేదీ, చెరిపేసినట్టు ఉన్న రికార్డు. ఇవి కలెక్టరేట్‌లోని పౌర సమాచార అధికారికి రాస్తే, తన దగ్గర లేనివి సంబంధించిన శాఖకు ఐదు రోజుల్లో పంపాల్సిన బాధ్యత ఆయనదే. జవాబుకు 30 రోజులు గడువు. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి, దానికి రుసుము లేదు. దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు తీసుకోండి, అప్పీలుకు అదే ఆధారం.